‘ఇంత’ అన్నప్పుడు చేయి ఎక్కడుంది? పల్లె మాటను చేతితో సహా నమోదు చేయడం ఎలా

కళ్యాణదుర్గం వైపు ఒక పల్లెలో, వేపచెట్టు కింది అరుగు మీద కూర్చుని ఒక అవ్వ నాకు వేరుశనగ విత్తడం గురించి నాలుగు గంటలు చెప్పింది. మంచి రికార్డర్ తీసుకువెళ్లాను. ఒక్క మాట కూడా చెడకుండా వచ్చింది. ఇంటికి వచ్చి కాగితం మీద పెట్టడం మొదలుపెట్టాక తెలిసింది, నేను తెచ్చుకున్నది సగమేనని. “పదును ఇంత దిగాలి.” “గింజను ఇట్లా వదలాలి నాయనా.” “సాలుకూ సాలుకూ నడుమ ఇంత ఉండాలి.” ఇంత అంటే ఎంత? ఇట్లా అంటే ఎట్లా? అవ్వ ప్రతిసారీ చేత్తో చూపించే చెప్పింది. నేను చూశాను, చూసి మరిచిపోయాను. రికార్డర్‌కు కళ్లు లేవు. చేయి కనపడనిదే అర్థం కాని మాటలు ఆ నాలుగు గంటల్లో ఎన్ని ఉన్నాయని లెక్కపెడితే నూటికి పైగా తేలాయి.

అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాల్లో తమ ఊరి మాటను, పెద్దల పని మాటలను దాచిపెట్టాలని తపించే విద్యార్థులు, ఉపాధ్యాయులు నాకు తెలుసు. వారిలో చాలామంది నేను చేసిన పొరపాటే చేస్తున్నారు. అందుకే ఈ పద్ధతిని మొదటినుంచి చివరిదాకా చెబుతున్నాను. దీనికి భాషాశాస్త్రంలో డిగ్రీ అక్కర్లేదు. ఓపిక మాత్రం చాలా కావాలి.

నమోదు వేరు, వర్ణన వేరు

ఒక భాష గురించి వ్యాకరణం, నిఘంటువు రాయడం వర్ణన. ఆ భాషలో మనుషులు నిజంగా ఎలా మాట్లాడుకుంటున్నారో పట్టి భద్రపరచడం నమోదు. ఈ రెండూ ఒకే పని కాదని, నమోదుకు సొంత లక్ష్యాలు, సొంత నియమాలు ఉండాలని 1998లో నికొలాస్ హిమ్మెల్‌మాన్ అనే జర్మన్ భాషావేత్త వాదించాడు. ఆ తేడా మనకు నేరుగా పనికొస్తుంది. మీరు ఈరోజు ఒక పదానికి ఇచ్చిన అర్థం తప్పు కావచ్చు. వీడియో ఉంటే ఇరవై ఏళ్ల తర్వాత ఇంకొకరు వచ్చి దాన్ని దిద్దగలరు. మీ నోటుపుస్తకంలో అర్థం ఒక్కటే మిగిలితే ఎవరూ దిద్దలేరు. కాబట్టి మొదట నమోదు, దాని మీద వర్ణన. ఈ వరుస తిరగబడనివ్వకండి.

ఒక ఊరు, ఒక పని

‘రాయలసీమ మాండలికం’ అని పెద్ద సంచి పట్టుకుని బయలుదేరకండి. ఒక ఊరిని, ఆ ఊరిలో ఒక పనిని ఎంచుకోండి. గొర్రుతో విత్తడం, ధర్మవరం మగ్గం మీద పడుగు సరిచేయడం, రాగిసంగటి కెలకడం, గొర్రెలకు ఉన్ని కత్తిరించడం, ఏదైనా సరే. చేతులతో చేసే పని అయితే మరీ మంచిది. ఆ పని గురించి చెప్పేటప్పుడు చేతులు ఊరుకోవు.

వెళ్లే ముందు రెండు పుస్తకాలు తిరగేయండి. ఒకటి భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం. వ్యవసాయ పదాలు అందులో ఉన్నాయి. చేనేత పదాల సంపుటం ఆ తర్వాత వచ్చింది. రెండోది 1852లో వెలువడిన బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు. బ్రౌన్ కడపలో బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి తాటాకు గ్రంథాలకు ప్రతులు రాయించిన సంగతి మనవాళ్లకు కొత్త కాదు. ఆ స్థలంలోనే ఇప్పుడు ఆయన పేరుతో భాషా పరిశోధన కేంద్రం ఉంది. కడపకు వెళితే అక్కడ ఒక పూట గడపండి. బ్రిటిష్ కాలంలో గ్రియర్సన్ అనే అధికారి నడిపిన భారతీయ భాషల సర్వే మద్రాసు రాష్ట్రంలోకి అడుగు పెట్టలేదు. అందువల్ల ఆ కాలపు మన పల్లెల మాటకు అందులో చోటు దక్కలేదు. ఇక్కడ చేయాల్సిన పని ఎంత మిగిలి ఉందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

పుస్తకాలు చదివేది జవాబులు తెలుసుకోవడానికి అనుకోకండి. ప్రశ్నలు పుట్టడానికి చదవాలి. నాగలిని మడక అనే ఊళ్లు ఏవి? వేరుశనగను ఒకచోట చెనిక్కాయ అంటారు, కర్నూలు వైపు బుడ్డలు అంటారు. మీరు ఎంచుకున్న ఊరు ఈ రెంటికీ మధ్య ఎక్కడుంది? గొర్రు మీద విత్తనం పోసే గిన్నెకు, దాని నుంచి దిగే వెదురు గొట్టాలకు అక్కడ ఏ పేర్లు ఉన్నాయి? ఇలాంటి ఖాళీలు పాతిక రాసుకుని వెళ్లండి. ఆ ఖాళీల పక్కన పుస్తకంలోని పదం రాసుకోకండి. రాసుకుంటే మీ నోటి నుంచి అదే ముందు వస్తుంది, పెద్దలు మర్యాదకు “అవును, అదే” అంటారు.

ఇంకొక మాట. అనంతపురం పడమటి పల్లెల్లో కన్నడం ఇంటి భాషగా ఉన్నవారు ఉన్నారు. మూడు జిల్లాల్లోనూ ఉర్దూ, లంబాడీ, ఎరుకల భాష మాట్లాడే కుటుంబాలు ఉన్నాయి. తెలుగులో చెబుతున్న మనిషి నోట కన్నడ మాట దొర్లితే దాన్ని మలినంలా ఏరివేయకండి. ఇంట్లో ఏ భాష, సంతలో ఏ భాష, పశువులను అదిలించేటప్పుడు ఏ భాష అని విడివిడిగా అడిగి రాసుకోండి.

అనుమతి: ఇక్కడ తొందర పనికిరాదు

గొంతు ఒక్కటే రికార్డు చేసినప్పుడు పేరు దాచితే మనిషి చాలావరకు దాగుతాడు. వీడియోలో దాగడు. ముఖాన్ని మసక చేద్దామంటే చూపు, గడ్డం, పెదవుల కదలిక అన్నీ పోతాయి. మనం తీసుకువెళ్లాలనుకున్నదే పోతుంది. కాబట్టి అనుమతి అడిగేటప్పుడు ఈ సంగతి దాచకుండా చెప్పాలి: “మీ ముఖం కనపడుతుంది. ఇది ఫలానా చోట దాస్తాం. ఫలానా వారు చూడగలరు. వద్దనుకుంటే ఎప్పుడైనా చెప్పండి, తీసేస్తాం.”

సంతకాల కాగితం చూస్తే పల్లెలో పెద్దలు బెదురుతారు. భూమి కాగితాల మీద వేలిముద్ర వేసి నష్టపోయిన కుటుంబాల కథలు ప్రతి ఊరిలో ఉంటాయి. మీరు చెప్పింది, వారు ఒప్పుకున్నది, రెండూ వీడియోలోనే నమోదు చేస్తే చాలు. అవ్వ ఒప్పుకున్నా ఇంట్లో కోడలు, కొడుకు కూడా విననివ్వండి. మూడు రకాల అనుమతులు విడిగా అడగండి: మీరు చదువుకోవడానికి, ఇతర పరిశోధకులు చూడటానికి, అందరి ముందూ పెట్టడానికి. మొదటి రెండింటికి సరే అని మూడోదానికి వద్దనేవారు చాలామంది. ఆ హద్దును ఆనాడే ఆ వీడియో వివరాల్లో రాసిపెట్టండి. ఏడాది తర్వాత మీకే గుర్తుండదు.

వారి సమయానికి ఏమివ్వాలో ముందే ఆలోచించుకోండి. కూలి రోజు చెడగొట్టి కూర్చోబెడితే కూలి ఇవ్వడమే న్యాయం. కొందరు డబ్బు తీసుకోరు. అప్పుడు ఆ ఇంటి పిల్లల చదువుకు పనికొచ్చేది ఏదైనా ఇవ్వండి. వీడియో ప్రతి మాత్రం తప్పకుండా ఇవ్వాలి.

పరికరాలు, కెమెరా నిలిపే చోటు

ఫోను చాలు. కానీ చేతిలో పట్టుకుని తీయకండి. ఒక స్టాండు కొనండి. మీ చేయి కదిలితే అవ్వ చేయి కదిలిందో లేదో తేల్చలేరు. ఫోనును అడ్డంగా పెట్టండి. నిలువుగా పెడితే బారెడు అని రెండు చేతులూ చాచినప్పుడు వేళ్లు ఫ్రేమ్ దాటిపోతాయి. మొదలుపెట్టే ముందు వారిని ఒకసారి “బార చూపించండి” అనండి, తర్వాత చేయి పైకెత్తమనండి. ఆ హద్దులకు కెమెరా సరిచేయండి. తల పైన జానెడు, కింద మోకాళ్ల వరకు కనపడాలి. ఒడిలో పడి ఉన్న చేతులు కూడా కావాలి. కదలిక ఎప్పుడు మొదలైందో తెలిసేది అక్కడే.

వెలుగు మీ వీపు వైపు నుంచి రావాలి, వారి వీపు వెనుక నుంచి రాకూడదు. తెల్లటి సున్నపు గోడ ముందు తెల్ల పంచె కట్టుకున్న తాతను కూర్చోబెడితే చేయి, పంచె, గోడ అన్నీ కలిసిపోతాయి.

శబ్దానికి ఫోను మైకు సరిపోదు. అనంతపురంలో గాలి ఎంత వీస్తుందో కొండల మీది గాలిమరలను చూస్తే తెలుస్తుంది. ఆ గాలి మైకులో హోరుమంటుంది. బట్టకు తగిలించే చిన్న మైకు, దానికి నురుగు తొడుగు కొనండి. విడి రికార్డర్ ఉంటే వేవ్ (WAV) రూపంలో, సెకనుకు 48,000 నమూనాలు, 24 బిట్ల మీద పెట్టండి. ఒకే మైకుతో గంటకు 520 మెగాబైట్ల దాకా అవుతుంది. చోటు మిగులుతుందని ఎంపీ3లో తీయకండి. చెవికి తేడా తెలియకపోయినా అచ్చుల కొలతలు తీసేటప్పుడు తెలుస్తుంది. రికార్డర్, కెమెరా రెండూ నడుస్తుండగా ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. తర్వాత శబ్దాన్నీ బొమ్మనూ జత చేయడానికి ఆ చప్పుడు గుర్తుగా పనికొస్తుంది. ఫ్యాను ఆపించండి, ఫ్రిజ్ ఉన్న గది వదిలేయండి. కోడి కూత, మేక అరుపు ఉండనివ్వండి. అవి లేని పల్లె ఎక్కడుంది?

అడిగే తీరు

అన్నిటికంటే ముఖ్యమైన నియమం: మీ చేతులు కట్టేసుకోండి. “ఇంత లోతా?” అని మీరు జానెడు చూపిస్తే వారు మీ జానెడునే తిరిగి చూపిస్తారు. మనిషికి మనిషి చేతిని అనుకరించడం సహజం. చేతుల్లో పుస్తకం పట్టుకుని కూర్చుంటే ఈ ప్రమాదం తగ్గుతుంది.

పదాలు అడిగితే పదాలు వస్తాయి, చేతులు రావు. “దీన్ని ఏమంటారు?” అనే ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పి ఊరుకుంటారు. “మీరు మొదటిసారి గొర్రు వెంట నడిచిన రోజు ఏమైంది?” అనండి, మనిషి లేచి నిలబడతాడు. మీకు చెప్పించుకోవడం కన్నా ఇంకొకరికి చెప్పించడం ఇంకా మంచిది. పట్నంలో చదువుతున్న మనవరాలిని పక్కన కూర్చోబెట్టి, ఆమెకు విత్తడం నేర్పమని అవ్వను అడగండి. నిజంగా తెలియని మనిషి ఎదురుగా ఉంటే చెప్పే తీరు మారుతుంది. మనవరాలు అడిగే ప్రశ్నలు మీకు తట్టవు.

ఇద్దరు ముగ్గురితో ఒకే కథ చెప్పించి పోల్చాలంటే, మాటల్లేని అయిదారు నిమిషాల చిన్న వీడియో చూపించి, దాన్ని చూడని వ్యక్తికి చెప్పమనండి. అందరికీ విషయం ఒకటే కాబట్టి తేడా అంతా మాటలో, చేతిలో తేలుతుంది. అయితే మొదటి రోజే ఇది చేయకండి. పరీక్ష పెట్టినట్టు ఉంటుంది.

కొలతల దగ్గర ప్రత్యేకంగా ఆగండి. మన భాషలో కొలతలు శరీరం నుంచే పుట్టాయి: చిటికెడు, పిడికెడు, గుప్పెడు, దోసెడు, బెత్తెడు, జానెడు, మూరెడు, బారెడు, మోకాటి లోతు, నిలువెత్తు. అనంతపురం రైతు వానను మిల్లీమీటర్లలో చెప్పడు. మట్టిలో తేమ ఎంత లోతు దిగిందో, అంటే పదును ఎంతో చెబుతాడు, వేలితోనో జానతోనో చూపిస్తాడు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే జిల్లాలో ఆ బెత్తెడుకూ జానెడుకూ మధ్య తేడా ఒక పంట. అందుకని “బెత్తెడు” అని వినపడగానే సరిపెట్టుకోకుండా చేయి నిలిచిన చోటు చూడండి. తర్వాత ఎప్పుడైనా, కెమెరా నడుస్తుండగా, అదే కొలతను నేల మీద గీత గీసి చూపమని అడిగి టేపుతో కొలవండి. మాట, చేయి, టేపు మూడూ కలిసినప్పుడు ఆ పదానికి నిజమైన పద్దు తయారవుతుంది.

ఎత్తు చూపే తీరు మీద కూడా నా మనసు ఉంది. పిల్లవాడి ఎత్తు, దూడ ఎత్తు, జొన్న చేను ఎత్తు చూపేటప్పుడు అరచేయి ఒకేలా ఉంటుందా, మారుతుందా? మెక్సికోలో మనిషికి ఒక రకంగా, పశువుకు ఒక రకంగా చేయి పెట్టే అలవాటు ఉంది. మీ ఊరిలో చూడండి. కానీ “తేడా ఉందా?” అని అడగకండి. మూడింటి గురించి మూడు వేర్వేరు కథలు చెప్పించండి. లెక్క మీరు తర్వాత తీసుకోవచ్చు. వేళ్ల కణుపుల మీద బొటనవేలితో లెక్కపెట్టే పెద్దలు కనపడితే, వేలి ఏ కణుపు నుంచి మొదలుపెట్టి ఎటు కదిలారో దగ్గరగా తీయండి.

దిక్కు, పొద్దు

మన పల్లెల్లో కుడి ఎడమల కన్నా తూర్పు పడమరలు ఎక్కువ వినపడతాయి. “ఆ పడమటి చెంబు ఇటివ్వు” అనే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి మనిషి చెరువు గురించి చెబుతూ చేయి చాపితే ఆ చేయి నిజంగా చెరువు వైపే ఉండవచ్చు. అది తేల్చాలంటే ఆయన ఏ దిక్కుకు ముఖం పెట్టి కూర్చున్నారో మీకు తెలియాలి. రికార్డింగు మొదట్లోనే ఫోనులోని దిక్సూచి చూసి, గొంతెత్తి చెప్పండి: “తాత ఉత్తరానికి ముఖం పెట్టి కూర్చున్నారు.” ఊరి పటం ఒకటి చేత్తో గీసుకుని గుడి, చెరువు, బోరు, రోడ్డు గుర్తు పెట్టుకోండి. వీలైతే మరోరోజు అదే మనిషిని వేరే దిక్కుకు కూర్చోబెట్టి అదే దారి చెప్పించండి. చేయి కొత్త దిక్కుకు తిరిగిందా, పాత అలవాటుగానే ముందుకు సాగిందా అన్నది విలువైన సమాచారం.

పొద్దు విషయం కూడా ఇంతే. “పొద్దు బారెడు ఎక్కాక”, “పొద్దు అక్కడ ఉన్నప్పుడు” అని ఆకాశం వైపు చేయెత్తితే ఆ చేయి గడియారం ముల్లు లాంటిది. తేదీ, రికార్డు చేసిన సమయం, దిక్కు ఉంటేనే దాన్ని చదవగలం. దూరం చెప్పేటప్పుడు గొంతు కూడా చేయితో కలుస్తుంది. “అల్లంత దూరాన” అన్నప్పుడు అచ్చు ఎంత సాగిందో, చేయి ఎంత పైకి లేచిందో రెండూ కలిపి చూడండి.

తల మీద గడ్డిమోపు ఉన్న మనిషి చేత్తో చూపలేరు. గడ్డంతో, కనుబొమ్మలతో, పెదవులతో చూపుతారు. ‘లేదు’ అనడానికి నాలుకతో చేసే చిన్న చప్పుడును రాతలో వదిలేస్తుంటారు. అదొక జవాబు, రాయండి.

ఆ రాత్రే చేయాల్సినవి

ఎంత అలసిపోయినా పడుకునే ముందు మూడు పనులు చేయాలి. ఫైళ్లను రెండు వేర్వేరు డిస్కుల్లోకి ఎక్కించండి. మూడో ప్రతి ఊరికి దూరంగా ఇంకోచోట, లేదా ఇంటర్నెట్ నిల్వలో ఉండాలి. ఫైలు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టండి. ఊరి గుర్తు, తేదీ, వరుస సంఖ్య చాలు. తేదీని 2024-07-06 అన్నట్టు ఏడాదితో మొదలుపెడితే కంప్యూటర్‌లో వరుస తప్పదు. మనిషి పేరు ఫైలు పేరులో పెట్టకండి. చివరగా ఒక పట్టిక నింపండి: ఎవరు, వయసు, పుట్టిన ఊరు, పెళ్లయి వచ్చిన ఊరు, భాషలు, ఏ చేతివాటం, ఎదురుగా ఎవరు కూర్చున్నారు, అనుమతి ఎంతవరకు. పెళ్లయి వచ్చిన ఊరు ఎందుకంటే, అత్తగారింట్లో నలభై ఏళ్లు గడిపిన అవ్వ మాటలో పుట్టింటి పదాలు ఆగి ఉంటాయి. జిల్లా రాసేటప్పుడు జాగ్రత్త. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి. ధర్మవరం ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా, నంద్యాల సొంతంగా జిల్లా. పాత పేరు, కొత్త పేరు రెండూ రాయండి.

మాటను రాయడం

ఈలాన్ (ELAN) అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. నెదర్లాండ్స్‌లోని మాక్స్ ప్లాంక్ మనోభాషాశాస్త్ర సంస్థ తయారుచేసింది. వీడియో పైన, దాని కింద కాలం గీత, ఆ గీత కింద మీకు కావలసినన్ని వరుసలు. ఒక వరుసలో మాట, ఒకదానిలో అర్థం, ఒకదానిలో కుడిచేయి, ఒకదానిలో ఎడమచేయి, ఒకదానిలో తల, చూపు. తెలుగు లిపి చక్కగా పడుతుంది.

పలికింది పలికినట్టు రాయండి. చెనిక్కాయ అంటే చెనిక్కాయే, దాన్ని వేరుశనగగా దిద్దకండి. క్రియల చివరలు, తడబాట్లు, మధ్యలో ఆగిన మాటలు అన్నీ ఉండాలి. చదువుకున్న మనవాళ్లకు దిద్దే చేయి ఊరుకోదు. నేను నా మొదటి రాతలను మళ్లీ వింటే ప్రతి పేజీలోనూ తెలియకుండా దిద్దినవి కనపడ్డాయి.

మన లిపి గొప్పదే, కానీ అన్నీ పట్టదు. ‘మేడ’లోని ఏ, ‘మేడి’లోని ఏ ఒకే గుర్తుతో రాస్తాం. పలికి చూడండి, మొదటిదానికి నోరు ఎక్కువ తెరుచుకుంటుంది. ‘చాప’లో చ వేరు, ‘చేప’లో చ వేరు. ఇలాంటివి మీ ఊరిలో ఎలా ఉన్నాయో తేల్చాలంటే ప్రాట్ (Praat) అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్‌లో శబ్దం కొలవవచ్చు. మొదటి ఏడాది దాని జోలికి వెళ్లకపోయినా నష్టం లేదు.

తర్వాత మాటను విడదీయడం. ‘చేతులతో’ అన్నదాన్ని చేయి, బహువచనం, ‘తో’ అని విడదీసి కింద ఒక్కొక్కదాని అర్థం రాస్తారు. మొత్తం గంట రికార్డింగుకు ఇది చేయలేరు. బాగా వచ్చిన పది నిమిషాలు ఎంచుకోండి. చేతి కదలికలతో కలిపి ఒక నిమిషం వీడియోకు నాకు ఒక పూట పడుతుంది.

చేతిని రాయడం

చెవి మూసుకుని చూడండి. ఈలాన్‌లో శబ్దం ఆపి, చేయి ఎలా కదిలిందో మొదట రాయండి: ఏ చేయి, వేళ్లు ఎలా ఉన్నాయి, అరచేయి ఎటు తిరిగి ఉంది, శరీరానికి ఎక్కడ, ఎటు కదిలింది. అర్థం ఇప్పుడే రాయకూడదు. ‘గింజ వదులుతోంది’ అని రాస్తే మీరు మాట విని రాశారన్నమాట. ‘కుడి పిడికిలి బోర్లా, బొటనవేలు చూపుడువేలి పక్కన నెమ్మదిగా కదులుతోంది, ఛాతీకి జానెడు ముందు’ అని రాస్తే చూసి రాసినట్టు. రూపం రాసిన తర్వాతే శబ్దం పెట్టి అర్థం రాయండి, వేరే వరుసలో.

కదలికను ముక్కలుగా గుర్తించే పద్ధతిని ఆడమ్ కెండన్ అనే చేతి కదలికల పరిశోధకుడు 1980లో స్పష్టంగా చెప్పాడు. ఒడిలో ఉన్న చేయి లేస్తుంది, అది సన్నాహం. అసలు అర్థమున్న కదలిక వస్తుంది. కొన్నిసార్లు చేయి అక్కడే కాసేపు నిలుస్తుంది. తర్వాత ఒడిలోకి తిరిగి వస్తుంది. ఈ నాలుగింటినీ కాలం గీత మీద విడివిడిగా గుర్తించండి. అప్పుడు ఒక అందమైన సంగతి కనపడుతుంది. అసలు కదలిక సాధారణంగా దానికి జతైన మాటతో కలిసి గానీ, కొంచెం ముందు గానీ వస్తుంది. మాట అయిపోయాక రావడం అరుదు. అవ్వ నోట ‘జానెడు’ రాకముందే ఆమె వేళ్లు విచ్చుకుంటాయి. మాట వెతుక్కుంటున్నప్పుడు చేయి గాలిలో నిలిచి ఎదురుచూడటం చూస్తే, ఆలోచన ఎక్కడ పుడుతోందో కంటి ముందు కనపడినట్టు ఉంటుంది. ఈ పనిలో నాకు ఇంతకన్నా ఇష్టమైన క్షణం లేదు.

డేవిడ్ మెక్‌నీల్ అనే మరో పరిశోధకుడు 1992లో చేతి కదలికలను నాలుగుగా విభజించాడు: వస్తువు రూపాన్నో పనినో గీసేవి, కనపడని భావానికి రూపం ఇచ్చేవి, చూపించేవి, మాట లయకు తాళం వేసేవి. తర్వాత ఆయనే ఇవి విడి పెట్టెలు కావని, ఒకే కదలికలో రెండు మూడు లక్షణాలు కలిసి ఉండవచ్చని దిద్దుకున్నాడు. మీరూ పెట్టెల్లో కుక్కకండి. ‘పదును ఇంత దిగాలి’ అన్నప్పుడు వేలు నేలను చూపుతుంది, లోతును గీస్తుంది, తాళమూ వేస్తుంది.

బధిరులు మాట్లాడే సంజ్ఞాభాష ఈ చేతి కదలికల కోవలోకి రాదు. దానికి సొంత పదాలు, సొంత వ్యాకరణం ఉన్నాయి. ఊరిలో బధిరులు ఉంటే వారి భాషను వేరే పనిగా, ఆ భాష తెలిసిన వారితో కలిసి చేయాలి.

మీరు గుర్తించినవి మీకే నచ్చితే చాలదు. పది నిమిషాల వీడియోను స్నేహితుడికి ఇచ్చి, మీ రాత చూపకుండా విడిగా గుర్తించమనండి. రెండూ పక్కన పెట్టి చూస్తే ఎక్కడ మీ కన్ను ఊహించుకుందో బయటపడుతుంది.

తువ్వాలు కింది వేళ్లు

పశువుల సంతలో దళారులు తువ్వాలు కప్పి, దాని కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని ధర మాట్లాడుకోవడం మీరు చూసే ఉంటారు. ఏ వేలు పడితే ఎంత అనేది వారికి తెలుసు, చుట్టూ నిలబడిన వారికి తెలియకూడదు. భాషావేత్తకు ఇది నోరూరించే విషయం. కానీ ఆ తువ్వాలు ఉన్నదే దాచడానికి. దూరం నుంచి కెమెరా పెట్టి తీయడం దొంగతనం. బేరాలు ముగిశాక, చెట్టు నీడన, ఆ వృత్తి మానుకున్న పెద్దాయన ఇష్టపడి నేర్పితే నేర్చుకోండి. ఆయన రాయవద్దంటే రాయకండి. వైద్యం చేసేవారి మాటలు, కులదేవత పూజలో పలికేవి, ఇరుగుపొరుగు గొడవల ముచ్చట్లు కూడా ఇదే వరుసలోవి. రికార్డింగు మధ్యలో అవ్వ పొరుగింటి కోడలి సంగతి ఎత్తితే ఆ ముక్కను ఎవరికీ వినపడకుండా పక్కన పెట్టాలి.

మళ్లీ ఆ అరుగు మీదికి

నిల్వకు చోటు ముందే చూసుకోండి. దగ్గరలోని విశ్వవిద్యాలయ తెలుగు శాఖను గానీ, 1969 నుంచి పనిచేస్తున్న మైసూరులోని భారతీయ భాషల కేంద్ర సంస్థను గానీ సంప్రదించండి. ఎవరు ఏ భాగం చూడవచ్చో హద్దులు పెట్టుకునే వీలున్న చోటనే ఇవ్వండి.

అంతకుముందు చేయాల్సింది ఒకటి ఉంది. రాసినదంతా తీసుకుని వెనక్కి వెళ్లాలి. మరుసటి ఏడాది మృగశిర కార్తెలో నేను కెమెరాతో వెళ్లాను. ఊరిలో గొర్రులన్నీ కొట్టాల్లో పడి ఉన్నాయి, ట్రాక్టరుతో విత్తుతున్నారు. అవ్వ అదే అరుగు మీద కూర్చుని మళ్లీ చెప్పింది. ఈసారి పిడికిలి, బొటనవేలు, సాళ్ల నడుమ దూరం అన్నీ వీడియోలోకి వచ్చాయి. నెల తర్వాత దాన్ని ఆమెకు చూపించాను. తన చేతిని తాను చూసుకుని కాసేపు మాట్లాడలేదు. తర్వాత వీడియో ఆపమని, “అది ఎర్రనేలకు నాయనా, నల్లనేలకు ఇంత” అని ఇంకొక కొలత పెట్టింది.

కాబట్టి చూపించడానికి వెళ్లేటప్పుడు కూడా కెమెరా పట్టుకెళ్లండి, నడుస్తూ ఉండనివ్వండి. దిద్దుబాటును పాత ఫైలు మీద రుద్దకండి. పాతది పాతదిగానే ఉంచి, కొత్తదానికి అదే పేరు చివర ఆ రోజు తేదీ చేర్చి పక్కన పెట్టండి, పట్టికలో ఏ నేల గురించో రాయండి.